ఇంటింటి కంప్యూటరు: ఫోటోల గోదాములో స్టాక్ వెరిఫికేషన్



గత సంచిక వెలువడిన తరువాత మాకు అందిన ఉత్తరాలలోను, ఫోన్ పలకరింపులలోను ఒకే ఫిర్యాదు పదే పదే వినవచ్చినది. "ఇంట్లో కంప్యూటరు నిన్నటి దాకా బాగానే నడిచినది. ఫోటోలు చూసుకొనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి, ఫోన్లలోని ఫోటోలన్నీ అందులో చేర్చినప్పటి నుండి నత్తనడక నడుస్తున్నది. వైరస్ పట్టినదా? కంప్యూటరు మార్చవలెనా?" టౌన్‌షిప్‌లోని ఉద్యోగులు, పదవీ విరమణ చేసి సొంత ఊళ్ళకు చేరిన పెద్దలు, పిల్లల పెళ్ళి ఫోటోలు వేలకొద్దీ దాచుకొన్న గృహిణులు, అందరిదీ ఇదే మాట.

ఈ నెల శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. సమాధానం సాంకేతికంగా చాలా చిన్నది. కాని ఆ చిన్న విషయం సరిగా తెలియకుండానే, తెలుసునన్న ధీమాతో, మేము స్వయంగా చేసిన తప్పు ఒకటి ఉన్నది. దానిని చెప్పుకోవడం మాకు సంతోషకరం కాదు. అయినా మరొకరి ఇంట అది జరుగరాదు గనుక ముందుగా దానినే చెబుతున్నాము.

ఒక ఆదివారం ఉదయం

మా మిత్రులొకరు మెకానికల్ మెయింటెనెన్సు విభాగంలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి 2019లో పదవీ విరమణ చేశారు. పేరు చెప్పడానికి ఆయనకు అభ్యంతరం లేదు. మేమే చెప్పడం లేదు. విశ్రాంత జీవితంలో ఆయన పెట్టుకొన్న పని, ఇంట్లోని పాత ఆల్బములన్నింటినీ స్కానరుపై పెట్టి కంప్యూటరులోకి ఎక్కించడం. కోనసీమలోని సొంత ఊరి నుండి ట్రంకు పెట్టెలో తెచ్చిన నలుపు తెలుపు ఫోటోలు, అంచులు చెదలు తిన్న గ్రూపు ఫోటోలు, వెనుక స్టూడియో ముద్ర తప్ప మరేమీ లేని చిన్న ఫోటోలు, అన్నీ కలిసి సుమారు 1,400.

ఆయన తల్లిగారికి అప్పటికి 84 ఏళ్ళు. చూపు కొంత మందగించినా జ్ఞాపకం మందగించలేదు. సాయంకాలం దీపం పెట్టిన తరువాత ఆమె కుమారుని పక్కన కుర్చీ వేయించుకొని కూర్చునేవారు. ఆయన ఫోటోను తెరపై పెద్దది చేసి చూపేవారు. ఆమె ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి చెప్పేవారు. "ఈ చివర నిలబడ్డది మీ నాన్న మేనత్త కూతురు రా. పెళ్ళీడు రాకుండానే జ్వరమొచ్చి పోయింది. దాని ఫోటో ఇంకెక్కడా లేదు, ఇదొక్కటే." ఆయన ఆ ముఖం చుట్టూ గడి గీసి పేరు టైపు చేసేవారు. కింద బంధుత్వం, ఊరు, తెలిస్తే సంవత్సరం రాసేవారు. రెండు శీతకాలాలు ఇలా గడిచినవి. 2021లో ఆమె కాలం చేశారు.

2022లో ఆయన చిన్న కుమారుని వివాహమైనది. ఫోటోగ్రాఫరు ఇచ్చినవి, చుట్టాలు ఫోన్లలో తీసి పంపినవి, అంతకు ముందు పదేళ్ళుగా ఇంటిల్లిపాదీ ఫోన్లలో పేరుకొన్నవి, అన్నింటినీ ఆయన ఒకే రోజున అదే సాఫ్ట్‌వేర్‌లో చేర్చారు. మొత్తం ముప్ఫై వేలు దాటినవి. మరునాడే మాకు ఫోన్ చేశారు. "సార్, మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది. నా కంప్యూటరు కదలడం మానేసింది."

ఆదివారం ఉదయం వెళ్ళాము. టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే డిస్కు గడిలో నూటికి నూరు శాతం అని కనిపిస్తున్నది. ఫోటో సాఫ్ట్‌వేర్‌ను అర్ధాంతరంగా నిలిపివేశాము. అది తన సామగ్రి దాచుకొనే ఫోల్డరును వెదికి పట్టుకొన్నాము. అందులో తొమ్మిది గిగాబైట్ల సరుకు ఉన్నది. అర్థం లేని అంకెలూ అక్షరాలూ పేర్లుగా గల వేలకొద్దీ చిన్న ఫైళ్ళు. లోపల ఒక ఫోల్డరు పేరులో 'కాష్' అనే మాట కనిపించినది. "ఇది తాత్కాలిక సరుకండీ, తీసివేసినా ప్రమాదం లేదు" అని చెప్పి, ఆ ఒక్క లోపలి ఫోల్డరును కాక, దానిని కలిగి ఉన్న పెద్ద ఫోల్డరునే తొలగించాము. అదియును షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా.

కంప్యూటరు వెంటనే చురుకుగా కదిలినది. వారింట పెసరట్లు తిని, కాఫీ తాగి, పెద్ద పని చేసినవారి వలె ఇంటికి వచ్చాము.

మూడవనాడు ఫోన్ వచ్చినది. "సార్, ఫోటోలన్నీ ఉన్నాయి. పేర్లు మాత్రం ఒక్కటీ లేవు."

ఆ తరువాత ఏమి జరిగినదో చివర చెబుతాము. మేము తొలగించినది ఏమిటో అర్థం కావాలంటే, అసలు ఆ కంప్యూటరు ఆ ఉదయం ఏ పనిలో ఉన్నదో ముందు తెలియవలెను.

కంప్యూటరు ఏమి చేస్తున్నది?

మన ప్లాంటు స్టోర్సును ఒకసారి తలచుకొనండి. ఏడాదికొకసారి స్టాక్ వెరిఫికేషన్ జరిగే రోజులలో ఒక బేరింగు కొరకు ఇండెంటు పట్టుకొని కౌంటరు వద్ద నిలబడినవారికి ఆ ఆలస్యం అనుభవమే. స్టోర్సు సిబ్బంది పని మానలేదు. మామూలు రోజుల కంటే ఎక్కువే చేస్తున్నారు. ప్రతి బిన్నులోని సరుకును లెక్కపెట్టి, బిన్ కార్డుతో సరిచూసి, లెడ్జరులో రాస్తున్నారు. మన బేరింగు ఆలస్యమవుతున్నది. కాని ఆ పని జరిగితేనే వచ్చే ఏడాది పొడవునా ఏ వస్తువు ఏ అరలో ఉన్నదో నిమిషంలో చెప్పగలుగుతారు. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు ఏర్పరచిన ఎస్. ఆర్. రంగనాథన్ గారి నాలుగవ సూత్రం పాఠకుని కాలం ఆదా చేయడాన్ని గురించినది. ఒకరు ముందుగా శ్రమపడి జాబితా తయారుచేస్తేనే వెనుక వచ్చేవారి కాలం మిగులుతుంది.

ఫోటో సాఫ్ట్‌వేర్ కూడా ఇదే చేస్తుంది. మనం ఒక ఫోల్డరును చూపించగానే అది నాలుగు పనులు మొదలుపెడుతుంది.

మొదటిది జాబితా. ప్రతి ఫైలు పేరు, పరిమాణం, ఫోటో తీసిన తేదీ, సమయం చదివి తన డేటాబేసులో రాసుకొంటుంది. తేదీ దానికెలా తెలుసునంటే, కెమెరా ఫోటో తీసేటప్పుడే ఆ వివరాలను ఫైలు లోపల పొందుపరుస్తుంది. ఈ పద్ధతికి ఎక్సిఫ్ అని పేరు; 1995లో జపానులో రూపొందినది. ఇలా తయారయ్యే డేటాబేసే కేటలాగు. మనం టైపు చేసే పేర్లు, వివరాలు కూడా చాలా సాఫ్ట్‌వేర్లలో మొదట ఇందులోనే చేరుతాయి.

రెండవది, ప్రతి ఫోటోకు తపాలా బిళ్ళంత సూక్ష్మచిత్రం తయారుచేయడం. మూడవది, తెర నిండుగా చూపడానికి తగిన మధ్య పరిమాణపు నకలు తయారుచేయడం. నాలుగవది, ఫోటోలలో ముఖాలు ఎక్కడెక్కడ ఉన్నవో వెదకి, ఏ ముఖం ఏ ముఖాన్ని పోలి ఉన్నదో గుంపులు కట్టడం.

రెండవ, మూడవ పనులలో తయారైన నకళ్ళను దాచుకొనే చోటే కాష్. ఇది నగదు అనే అర్థం గల క్యాష్ కాదు. దాచడం అనే అర్థం గల ఫ్రెంచి ధాతువు నుండి వచ్చిన మాట. 1968లో ఐబీఎం సంస్థ తన సిస్టమ్ 360 శ్రేణిలోని 85వ మోడలు కంప్యూటరులో వేగంగా పనిచేసే చిన్న మెమొరీని అమర్చి దానిని ఈ పేరుతో పిలిచినది. అప్పటి నుండి, మళ్ళీ మళ్ళీ కావలసినదాన్ని దగ్గర పెట్టుకొనే ఏర్పాటుకంతటికీ ఆ పేరు స్థిరపడినది.

నకళ్ళు ముందుగా ఎందుకు తయారుచేయాలి, అడిగినప్పుడు చేయరాదా అని కొందరికి సందేహం రావచ్చును. ఒక మామూలు ఫోన్ ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు ఉంటాయనుకొందాము. మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్ల చొప్పున 36 మెగాబైట్లు కావలెను. కాని డిస్కులో ఆ ఫైలు నాలుగు మెగాబైట్లే ఉంటున్నది. అంత కుదించగలిగినది జేపెగ్ అనే పద్ధతి. 1992లో అంతర్జాతీయ ప్రమాణమైనది. చిత్రాన్ని 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడిని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత ప్రక్రియకు లోబరచి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలివేస్తుంది. ఆ ప్రక్రియను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనే ముగ్గురు ప్రకటించారు. వారిలో నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళినవారు. మన చేతిలోని ప్రతి ఫోన్ వారి గణితాన్ని రోజూ వాడుకొంటున్నది.

కుదించినదాన్ని చూపాలంటే మళ్ళీ విప్పవలెను. తెరపై ఒకేసారి వంద ఫోటోల వరుస చూపాలంటే వంద ఫైళ్ళు విప్పి, 36 మెగాబైట్ల చొప్పున పరచి, తపాలా బిళ్ళలుగా కుదించవలెను. మనం వేలితో తెర జరిపిన ప్రతిసారీ అంత పని చేయడం కుదరదు. కావున ఒక్కసారి చేసి దాచుకొంటుంది.

పదకొండున్నర గంటల లెక్క

మా మిత్రుని కంప్యూటరు పాతది. నాలుగు గిగాబైట్ల మెమొరీ, నిమిషానికి 5,400 సార్లు తిరిగే మామూలు హార్డ్ డిస్కు. దానిపై ఈ పని ఎంత కాలం పడుతుందో ఉజ్జాయింపుగా లెక్క వేసి చూద్దాము.

ముప్ఫై వేల ఫోటోలు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లు. మొత్తం 120 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున ఏకబిగిన చదివితే 1,200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. చాలా తక్కువగా కనిపిస్తున్నది కదా.

కాని డిస్కు ఏకబిగిన చదవదు. ఫోటో ఒకచోట, ఫోల్డరు జాబితా మరొకచోట, డేటాబేసు ఇంకొకచోట, సూక్ష్మచిత్రం రాయవలసిన స్థలం వేరొకచోట ఉంటాయి. చదివే హెడ్డు ఒకచోటి నుండి మరొకచోటికి జరిగి, కావలసిన భాగం తిరిగి తన కిందికి వచ్చే వరకు ఆగవలెను. జరగడానికి సుమారు 10 మిల్లీసెకన్లు; ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు గనుక సగటున అందులో సగం నిరీక్షణ. కలిపి 15 మిల్లీసెకన్లు. ఒక్కొక్క ఫోటోకు ఆరు సార్లు జరుగుతుందనుకొంటే 90 మిల్లీసెకన్లు. ముప్ఫై వేలకు 45 నిమిషాలు. విప్పి కుదించడానికి ఫోటోకు పావు సెకను చొప్పున 2 గంటల 5 నిమిషాలు. ముఖాల వెదుకులాటకు పాత ప్రాసెసరుపై ఒక సెకను చొప్పున 8 గంటల 20 నిమిషాలు. అన్నీ కలిపితే పదకొండున్నర గంటలు.

ఇవి మేము అంచనా కొరకు తీసుకొన్న అంకెలే. మీ ఇంటి యంత్రంలో ఇవి సగం కావచ్చు, రెట్టింపు కావచ్చు. కాని పని నిమిషాలలో తేలేది కాదని, ఒక రాత్రి పట్టేదని మాత్రం స్పష్టం. ఆ సమయంలో మనం బ్రౌజరు తెరిస్తే, అది అడిగే ప్రతి చిన్న ఫైలుకు కూడా అదే హెడ్డు పరుగెత్తవలెను. బాణం గుర్తు కదలనిది అందుకే.

దీనికి తోడు మరి మూడు కారణాలు ఉన్నవి. ఒకటి, మెమొరీ చాలకపోవడం. ఒక్కొక్కటి 36 మెగాబైట్లుగా విప్పిన ఫోటోలు ఏకకాలంలో అనేకం ఉంటే నాలుగు గిగాబైట్లు నిండిపోతాయి. అప్పుడు విండోస్ కొంత సరుకును డిస్కులోకి దించి, కావలసినప్పుడు పైకి ఎత్తుతుంది. అసలే రద్దీగా ఉన్న డిస్కుపై మరింత రద్దీ. రెండు, యాంటీవైరస్. ఫోటో సాఫ్ట్‌వేర్ తెరిచే ప్రతి ఫైలునూ గేటు వద్ద సెక్యూరిటీ వారి వలె అదియును తనిఖీ చేస్తుంది. మూడు, క్లౌడు. ఫోటోల ఫోల్డరు ఇంటర్నెట్టులోని నిల్వతో జోడించి ఉంటే, పేరు మాత్రమే ఇక్కడ ఉండి అసలు ఫోటో అక్కడ ఉండవచ్చును. కేటలాగు తయారీ మొదలైనప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా దిగుమతి కావడం మొదలవుతుంది.

సాలిడ్ స్టేట్ డిస్కులో తిరిగే చక్రం లేదు, జరిగే హెడ్డు లేదు. మన లెక్కలోని 45 నిమిషాల పద్దు దాదాపు మాయమవుతుంది. పాత కంప్యూటరును మార్చేముందు డిస్కును మార్చి, మెమొరీని ఎనిమిది గిగాబైట్లకు పెంచి చూడమని మేము చెప్పేది అందుకే. అయినా విప్పడం, ముఖాలు వెదకడం ప్రాసెసరు పని. అవి మిగిలే ఉంటాయి. ఐఫోన్‌లోనూ ఇదే పని జరుగుతుంది. ఛార్జింగుకు పెట్టి తెర ఆపిన సమయంలో చాలా భాగం చేసుకొంటుంది. మన కంప్యూటరుకు కూడా అటువంటి విరామం మనమే కల్పించవలెను.

తట్ట వేరు, లెడ్జరు వేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము.

స్టోర్సు కౌంటరు పక్కన, రోజూ అడిగే నట్లు, బోల్టులు, గాస్కెట్లు ఒక తట్టలో పోసి పెట్టుకొంటారు. ఎవరైనా ఆ తట్టను బోర్లించితే నష్టమేమీ లేదు. గోదాములో నుండి మళ్ళీ తెచ్చి నింపుతారు, ఒక పూట శ్రమ. కాని లెడ్జరును పారవేస్తే? సరుకు అంతా గోదాములోనే ఉంటుంది. ఏది ఎవరిదో, ఎప్పుడు వచ్చినదో చెప్పేది ఉండదు.

కాష్ ఆ తట్ట. కేటలాగు ఆ లెడ్జరు. చిక్కేమిటంటే, కంప్యూటరులో రెండూ తరచు ఒకే గదిలో, ఒకే రకపు పేర్లతో ఉంటాయి. చూపులకు తేడా తెలియదు. కొన్ని ఉదాహరణలు చెబుతాము.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ప్రతి ఫోల్డరులోనూ థంబ్స్ డీబీ అనే దాపుడు ఫైలు ఉండేది. అది కేవలం తట్ట. విస్టా నుండి అటువంటివన్నీ వాడుకరి ఖాతాలో ఒకేచోట చేరినవి. వాటిని తొలగించినా విండోస్ మళ్ళీ తయారుచేసుకొంటుంది.

పికాసా అనే సాఫ్ట్‌వేర్ మన టౌన్‌షిప్‌లో ఎన్నో ఇళ్ళలో ఉండేది. గూగుల్ 2004లో దానిని తీసుకొని 2016లో విరమించినది. అది చేసిన దిద్దుబాట్లను, ముఖాల గుర్తులను ప్రతి ఫోల్డరులోనూ పికాసా ఐఎన్ఐ అనే చిన్న దాపుడు ఫైలులో రాసేది. చెత్త అనుకొని వాటిని ఊడ్చివేసినవారు ఆ గుర్తులను కూడా ఊడ్చివేసుకొన్నారు.

అడోబీ వారి లైట్‌రూమ్ క్లాసిక్‌లో కేటలాగు ఒక ఫైలు, నకళ్ళు దాని పక్కనే ఉండే ప్రివ్యూస్ అనే మాట గల వేరొక ఫోల్డరు. రెండవది పోతే మళ్ళీ తయారవుతుంది. మొదటిది పోతే అందులో మాత్రమే ఉన్న దిద్దుబాట్లు, గుర్తులు పోతాయి. ఉచితంగా లభించే డిజికామ్‌లో ఫోటోల వివరాల డేటాబేసు ఒకటి, సూక్ష్మచిత్రాల డేటాబేసు మరొకటి. రెండూ ఒకేచోట ఉండవచ్చును; రెండింటి విలువ ఒకటి కాదు.

మా తప్పు, దాని ఫలితం

మా మిత్రుడు వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అప్రస్తుతం. తప్పు దానిది కాదు, మాది. లెక్క వేసి చూస్తే, ఒక్కొక్క తెర పరిమాణపు నకలుకు 300 కిలోబైట్ల చొప్పున ముప్ఫై వేల ఫోటోలకు 9 గిగాబైట్లు అవుతాయి. అంటే మేము చూసిన తొమ్మిది గిగాబైట్లలో దాదాపు అంతా తట్టే. పేర్లు ఉన్న లెడ్జరు ఆ మొత్తంలో నూరవ వంతు కూడా ఉండదు. పెద్ద అంకెను చూసి చిన్న ఫైలును చూడలేదు.

కబురు తెలియగానే పరుగున వెళ్ళాము. తొలగించిన ఫైళ్ళను తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్లతో రెండు రోజులు ప్రయత్నించాము. ఫైలును తొలగించినప్పుడు డిస్కులోని సరుకు వెంటనే చెరిగిపోదు. ఆ స్థలం ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. దానిపై మరొకటి రాయనంత వరకు ఆశ ఉంటుంది. కాని మేము ఇంటికి వచ్చిన మరుక్షణం నుండి ఆ సాఫ్ట్‌వేర్ ఏమి చేసినది? కేటలాగు లేదని గమనించి, కొత్తది ఆరంభించి, ముప్ఫై వేల ఫోటోలకు మళ్ళీ నకళ్ళు తయారుచేసి, ఆ ఖాళీ స్థలంలోనే రాసుకొంటూ పోయినది. మూడు రోజులలో పాత లెడ్జరుపై కొత్త తట్ట పరచుకొన్నది.

కొంత దక్కినది. బెంగళూరులో ఉన్న ఆయన కుమార్తె అంతకు ముందు 2020లో వచ్చినప్పుడు, మొత్తం సరుకును ఒక బయటి డిస్కులోకి ఎక్కించుకొని వెళ్ళినది. అందులో కేటలాగు నకలు కూడా ఉన్నది. దానితో సుమారు 800 ఫోటోల పేర్లు తిరిగి వచ్చినవి. మిగిలిన 600 ఆ తల్లిగారి చివరి శీతకాలంలో రాసినవి. కాకినాడలో ఉన్న పిన్నిగారికి ఆయన ఒక్కొక్క ఫోటో పంపి, ఫోన్‌లో అడిగి, కొన్నింటిని పూర్తి చేసుకొన్నారు. చివర నిలబడిన ఆ బాలిక పేరు ఆయనకు గుర్తున్నది. ఆమె పక్కన ఉన్న ఇద్దరి పేర్లు ఆయనకూ గుర్తు లేవు, పిన్నిగారికీ తెలియవు.

ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు మంచికే చేశారు సార్" అన్నారు. ఆ మాట మాకు మందలింపు కంటె ఎక్కువగా తగిలినది. ప్లాంటులో ఒక వాల్వు తిప్పేముందు అది ఏ లైనుదో డ్రాయింగులో సరిచూసుకొంటాము. పర్మిట్ లేనిదే స్పానరు పట్టము. ఇంట్లో కంప్యూటరు వద్ద మాత్రం ఆ క్రమశిక్షణ మాకు గుర్తు రాలేదు.

చేయవలసినవి

ఒకటి. వేల ఫోటోలు ఒక్కసారిగా చేర్చవలసి వస్తే రాత్రి పడుకొనేముందు మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి, పరుపు మీద కాక బల్ల మీద ఉంచి, నిద్రావస్థలోకి పోకుండా సెట్టింగు మార్చండి. ఆ రాత్రికే యాంటీవైరస్ పూర్తి తనిఖీ నిర్ణయించి ఉంటే దానిని మరొక రోజుకు మార్చండి.

రెండు. సాఫ్ట్‌వేర్‌కు ఫోటోల ఫోల్డరును మాత్రమే చూపండి. డిస్కు మొత్తం చూపితే, ఇతర సాఫ్ట్‌వేర్ల బొమ్మలు, బ్రౌజరు దాచుకొన్న చిత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే ఫోటోలపై రెండు సాఫ్ట్‌వేర్లను పనిలో పెట్టకండి.

మూడు. ముఖాల వెదుకులాటను ఆపి ఉంచే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నది. మొదట జాబితా, సూక్ష్మచిత్రాలు కానిచ్చి, తీరిక ఉన్న రోజున ముఖాలు మొదలుపెట్టండి.

నాలుగు. పని మధ్యలో కరెంటు పోయినా, మనం బలవంతంగా ఆపినా డేటాబేసు చెడిపోవచ్చును. తప్పనిసరిగా ఆపవలసి వస్తే సాఫ్ట్‌వేర్‌ను దాని మెనూ నుండి మూసి, అది పూర్తిగా మూసుకొనే దాకా ఆగండి. యూపీఎస్ ఉంటే మరీ మంచిది.

అయిదు. కాష్ తొలగించవలసి వస్తే ఆ సాఫ్ట్‌వేర్ మెనూలోనే అందుకు ఇచ్చిన మీటను వాడండి. ఫోల్డరులోకి వెళ్ళి చేతితో తీయకండి. మెనూలో అటువంటి మీట లేకుంటే, సాఫ్ట్‌వేర్ మూసివేసి, ఆ ఫోల్డరు పేరు మాత్రం మార్చి వారం రోజులు ఆగండి. ఏదైనా లోపిస్తే పాత పేరు పెట్టితే సరిపోతుంది. ఆ రోజు మేము పేరు మార్చి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం కలిగేది కాదు.

ఆరు. కేటలాగు నకలు నెలకొకసారి తీసి పెట్టుకొనండి. పెన్ డ్రైవ్ చాలును. ఫోటోల నకలు ఒకటి ఇంటిలో, మరొకటి వేరే ఊరిలోని పిల్లల వద్ద ఉంచండి. క్లౌడుతో జోడించిన ఫోల్డరులో పనిచేస్తున్న కేటలాగును పెట్టి, రెండు కంప్యూటర్ల నుండి ఒకేసారి తెరవకండి.

ఏడు. పేర్లను, వివరాలను ఫోటో ఫైలు లోపలే రాసే ఏర్పాటు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదేమో చూడండి. లైట్‌రూమ్, డిజికామ్ వంటి వాటిలో ఉన్నది. సెట్టింగులలో దానిని ఎంచుకోవలెను. అప్పుడు కేటలాగు పోయినా పేరు ఫోటోతోనే ఉంటుంది. అది సరిగా జరుగుతున్నదో లేదో ఒక ఫోటోను వేరే కంప్యూటరులో తెరిచి నిర్ధారించుకొనండి.

చివరిగా పిల్లలకొక మనవి. పెద్దల కంప్యూటరు నెమ్మదిగా ఉన్నదని సెలవులకు వచ్చినప్పుడు శుభ్రం చేయడం మంచిదే. కాని ఏదైనా తీసేముందు "ఇందులో మీరు ఏమైనా రాసుకొన్నారా?" అని ఒక్క ప్రశ్న వారిని అడగండి. ఫోటోలు ఉన్నవా అని మాత్రమే చూస్తే సరిపోదు.

మా మిత్రుడు ఈ మధ్య కొత్త పద్ధతి ఒకటి అవలంబించారు. కంప్యూటరులో పేరు రాసిన తరువాత, అసలు ఫోటో వెనుక కూడా మెత్తని పెన్సిలుతో ఆ పేరు రాసి, మళ్ళీ ఆల్బములో పెడుతున్నారు. గత నెల వెళ్ళినప్పుడు రెండు వందల పైచిలుకు పూర్తి చేసినట్లు చూపించారు. ఆ పనిలో ఆదివారాలు మేము కూడా ఆయనకు తోడు కూర్చుంటున్నాము.

మీ అనుభవాలు, సందేహాలు ఎప్పటి వలె సంపాదకుల చిరునామాకు రాయండి. ఫోన్‌లోని ఫోటోలను కంప్యూటరుకు చేరవేసేటప్పుడు తేదీలు ఎందుకు తారుమారవుతాయని పలువురు అడిగారు. దానిని వచ్చే సంచికలో ముచ్చటించుకొందాము.